తలుపు తెరిచిన క్లబ్బు

లండన్‌లో ఎంబ్యాంక్‌మెంట్ స్టేషన్ దిగి, హంగర్‌ఫర్డ్ రైలు వంతెన కిందుగా నాలుగడుగులు వేస్తే ఓ చిన్న తోట వస్తుంది. పేరు వైట్‌హాల్ గార్డెన్స్. ఎడమ చేతి వైపు థేమ్స్ నది, ఆవలి ఒడ్డున గిర్రున తిరిగే లండన్ ఐ చక్రం. పర్యాటకులంతా అటే చూస్తారు, ఫొటోలు దిగుతారు, బిగ్‌బెన్ గడియారం వైపు సాగిపోతారు. కుడి చేతి వైపు, చెట్ల వెనక, బురుజులూ కోసుగా లేచిన పైకప్పులతో పాతకాలపు కోటలా నిలబడిన భవనాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

మనవాళ్లు మాత్రం ఓ నిమిషం ఆగాలి. ఎందుకంటే, సూర్యుడు అస్తమించని సామ్రాజ్యమని బ్రిటన్ గర్వపడుతున్న రోజుల్లో, ఆ సామ్రాజ్యానికి రాజధాని అయిన ఊళ్లో, ఒక భారతీయుణ్ని ‘మావాడు’ అని లోపలికి పిలిచి కుర్చీ వేసిన చోటు అది. పేరు నేషనల్ లిబరల్ క్లబ్. ఆ భారతీయుడు దాదాభాయి నౌరోజీ.

క్లబ్బంటే పేకాట కాదు!

క్లబ్బు అనగానే మనకు గుర్తొచ్చేవి పేకముక్కలు, టెన్నిస్ కోర్టు, సాయంత్రంపూట నాలుగు కబుర్లు. లండన్‌లో ఆ మాటకు మరో అర్థం ఉంది. అక్కడ ప్రభుత్వాలు క్లబ్బుల్లో పుట్టాయి, క్లబ్బుల్లోనే కూలాయి!

ఈ కథంతా ఓ కప్పు చాక్లెట్‌తో మొదలైంది. 1693లో సెయింట్ జేమ్స్ ప్రాంతంలో వేడివేడి చాక్లెట్ పానీయం అమ్మే దుకాణం ఒకటి వెలిసింది. పేరు వైట్స్. డబ్బున్న మారాజులు అక్కడ చేరి జూదమాడేవారు, రాజకీయాలు మాట్లాడేవారు. క్రమంగా అది బయటివాళ్లకు ప్రవేశం లేని క్లబ్బయింది. 1764లో మొదలైన బ్రూక్స్ క్లబ్బు దాని ప్రత్యర్థి వర్గానికి అడ్డా. ఫలానా ఆయన ఏ పార్టీ అని తెలుసుకోవాలంటే ఏ క్లబ్బులో భోంచేస్తున్నాడో చూస్తే చాలు.

1832లో బ్రిటన్‌లో ఎన్నికల సంస్కరణల చట్టం వచ్చింది. ఓటర్లు పెరిగారు. పార్టీలకు జాబితాలు రాసుకోడానికీ, అభ్యర్థుల్ని ఎంచుకోడానికీ, డబ్బు పోగేయడానికీ ఓ చోటు కావాల్సి వచ్చింది. ఇప్పుడున్నట్టు పార్టీ ఆఫీసులు అప్పట్లో లేవు. ఆ పని క్లబ్బులే చేశాయి. సంస్కరణల్ని వ్యతిరేకించిన టోరీలు అదే ఏడాది కార్ల్‌టన్ క్లబ్ పెట్టుకున్నారు. సంస్కరణల్ని సమర్థించినవాళ్లు 1836లో రిఫార్మ్ క్లబ్ తెరిచారు. జూల్స్ వెర్న్ నవల్లో ఫిలియాస్ ఫాగ్ ఎనభై రోజుల్లో భూమి చుట్టి వస్తానని పందెం కాసేది ఈ రిఫార్మ్ క్లబ్బులోనే.

కార్ల్‌టన్ బలమెంతో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1922 అక్టోబరు 19న కన్సర్వేటివ్ ఎంపీలు అక్కడ సమావేశమై, లిబరల్ ప్రధాని లాయిడ్ జార్జ్‌తో పొత్తు ఇక వద్దని ఓటేశారు. అదేరోజు ఆయన రాజీనామా చేశారు. ఆ తర్వాత ఇప్పటిదాకా లిబరల్ పార్టీ నుంచి మరొకరు బ్రిటన్ ప్రధాని కాలేదు.

విలాస మందిరం వద్దు

రిఫార్మ్ క్లబ్బులో చేరాలంటే హోదా ఉండాలి, డబ్బుండాలి, అన్నీ ఉన్నా ఏళ్లతరబడి వేచి ఉండాలి. మరి ఊళ్లలో జెండా మోసే మామూలు లిబరల్ కార్యకర్త సంగతేంటి? చిన్న పట్టణంలో పత్రిక నడిపేవాడు, బడిపంతులు, కొట్టు యజమాని... లండన్ వస్తే ఎక్కడ దిగాలి? ఎవరితో మాట్లాడాలి? ఈ ప్రశ్నలోంచి 1882లో పుట్టిందే నేషనల్ లిబరల్ క్లబ్. చందా తక్కువ. చేరడం తేలిక. మొదటి అధ్యక్షుడు సాక్షాత్తూ ప్రధాని గ్లాడ్‌స్టన్.

1884 నవంబరులో సొంత భవనానికి పునాదిరాయి వేసిందీ ఆయనే. ఆరోజు పెద్దాయన చేసిన ప్రసంగం క్లబ్బుల చరిత్రలో నిలిచిపోయింది. లండన్ క్లబ్బులంటే ఏముంది, సుఖానికీ విలాసానికీ కట్టిన గుళ్లే కదా అని అక్కడే తేల్చిపారేశారాయన! ఇది మాత్రం అలాంటిది కాకూడదని ఆయన ఆశ.

భవనం బాధ్యత ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్‌ది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం, మాంచెస్టర్ టౌన్‌హాల్ కట్టించిన వాస్తుశిల్పి ఆయన. 1887లో తలుపులు తెరుచుకున్నాయి. భోజనశాల, పొగతాగే గది, గ్లాడ్‌స్టన్ పేరిట గ్రంథాలయం, నది కనిపించే వసారా, పైఅంతస్తుల్లో దూరాల నుంచి వచ్చే సభ్యులకోసం పడకగదులు. లండన్‌లో అంత పెద్ద క్లబ్బు భవనాలు అరుదు.

అన్నట్టు, వాటర్‌హౌస్‌కి మెరిసే పింగాణీ పలకలంటే మహా ఇష్టం. గోడలకీ స్తంభాలకీ అవే అంటించాడు. దాంతో ఎగతాళి చేసేవాళ్లకు పండగే. ఎఫ్.ఇ.స్మిత్ అనే కన్సర్వేటివ్ నాయకుడి మీద ఇప్పటికీ ఓ కథ చెప్పుకుంటారు. ఆయన పార్లమెంటుకు వెళ్తూ దారిలో ఈ క్లబ్బులోకి దూరి, మరుగుదొడ్డి వాడుకుని పోయేవాడట. ఓరోజు ద్వారపాలకుడు ఆపి, ‘అయ్యా, తమరు ఈ క్లబ్బు సభ్యులేనా?’ అనడిగాడు. స్మిత్ ఆశ్చర్యం నటిస్తూ, ‘అరె, ఇది క్లబ్బు కూడానా!’ అన్నాడట. నిజమో కాదోగానీ, ఈ కథను క్లబ్బు సభ్యులే అందరికన్నా ఎక్కువగా చెప్పుకుని నవ్వుకుంటారు.

మద్రాసులో లేదు... లండన్‌లో ఉంది!

ఆ కాలంలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు రాజధాని మద్రాసు. అక్కడ కార్ల్‌టన్ పుట్టిన 1832లోనే మద్రాసు క్లబ్ వెలిసింది. తెల్లదొరలకోసం తెల్లదొరలు పెట్టుకున్నది. అందులో భారతీయులకు సభ్యత్వం లేదు. జమీందారైనా, హైకోర్టు వకీలైనా సరే. సొంతగడ్డ మీదే పరిస్థితి అది!

లండన్‌లోని నేషనల్ లిబరల్ క్లబ్ మాత్రం 1880ల మధ్యలోనే నౌరోజీని సభ్యుడిగా చేర్చుకుంది. నగరంలోని పెద్ద క్లబ్బుల్లో తెల్లజాతేతరులకు తలుపు తీసిన మొదటిది ఇదేనని చెబుతారు.

నౌరోజీ 1825లో బొంబాయిలో ఒక పేద పార్సీ కుటుంబంలో పుట్టారు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో గణితం బోధించారు. 1855లో వ్యాపార సంస్థ పని మీద లండన్ వెళ్లారు. లెక్కల మాస్టారు కదా, అక్కడ కూర్చుని ఇండియా నుంచి ఏటా ఎంత సంపద ఇంగ్లండుకు తరలిపోతోందో లెక్కలు కట్టడం మొదలెట్టారు. మన పాఠ్యపుస్తకాల్లో ‘సంపద తరలింపు సిద్ధాంతం’గా చదువుకునేది ఈ లెక్కల్నే. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెస్ మహాసభకు వచ్చిన 72 మందిలో ఆయనా ఒకరు. చిత్తూరు జిల్లా కట్టమంచికి చెందిన పనబాక ఆనందాచార్యులూ ఆ 72 మందిలో ఉన్నారు. తర్వాత ఇద్దరూ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు.

ఇండియాలో ఎన్ని వినతిపత్రాలిచ్చినా నిర్ణయాలు జరిగేది లండన్‌లో. అందుకే అక్కడి పార్లమెంటులోనే కూర్చోవాలన్నది నౌరోజీ పట్టుదల. 1886లో లిబరల్ పార్టీ తరఫున హోబర్న్‌లో నిలబడి ఓడిపోయారు. రెండేళ్ల తర్వాత, 1888 నవంబరులో, కన్సర్వేటివ్ ప్రధాని సాలిస్‌బరీ ఎడిన్‌బరో సభలో ఆ ఓటమిని ప్రస్తావించారు. మనుషులు ఎంత ముందుకెళ్లినా, ఓ నల్లవాణ్ని ఎన్నుకునే స్థితికి ఇంగ్లండు ఓటర్లు ఇంకా రాలేదని అర్థం వచ్చేలా మాట్లాడారు.

ఆ మాట దుమారం రేపింది. నిజానికి ఆ ప్రధాని కన్నా నౌరోజీయే తెల్లగా ఉంటాడని లిబరల్ వర్గాలు వేళాకోళమాడాయి. రంగు కాస్త ముదురైతే ఆ మాట సబబే అవుతుందా అన్న ప్రశ్న ఆ నవ్వుల్లో కలిసిపోయింది. ఏమైతేనేం, అప్పటిదాకా కొద్దిమందికే తెలిసిన పేరు ఒక్కసారిగా ఇంగ్లండంతా మోగింది. 1889లో నేషనల్ లిబరల్ క్లబ్ నౌరోజీ గౌరవార్థం విందు ఏర్పాటు చేసింది. ఒక ప్రధాని చేసిన అవమానానికి క్లబ్బు భోజనాల బల్ల మీద చెప్పిన జవాబది.

అయిదంటే అయిదే ఓట్లు

విందులు పెట్టడం వేరు, ఓట్లు వేయించడం వేరు. 1892 ఎన్నికల్లో నౌరోజీ సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి పోటీ చేశారు. చేతివృత్తులవాళ్లు, చిన్న వ్యాపారులు ఎక్కువగా ఉండే ప్రాంతం. ఫలితం వెలువడేసరికి నౌరోజీకి 2,961 ఓట్లు, కన్సర్వేటివ్ ప్రత్యర్థికి 2,956. అయిదు ఓట్ల మెజారిటీ! ఆయన పేరు పలకడం రాని ఇంగ్లిషువాళ్లు ‘నారో మెజారిటీ’ అని పిలుచుకుని సరదాపడ్డారు.

ఇండియాలో సంబరాలు జరిగాయి. 1893 డిసెంబరులో లాహోర్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడిగా వచ్చిన ఆయనకు జనం బ్రహ్మరథం పట్టారు. అదే ఏడాది సివిల్ సర్వీసు పరీక్షలు ఇంగ్లండుతోపాటు ఇండియాలోనూ ఒకేసారి జరపాలన్న తీర్మానం కామన్స్ సభలో నెగ్గింది. మన పిల్లలు అప్పుచేసి ఓడెక్కక్కర్లేకుండా కలెక్టర్లు కావచ్చని ఆశ పుట్టింది. ప్రభుత్వం ఆ తీర్మానాన్ని అమలు చేయలేదు. అప్పుడు అధికారంలో ఉన్నది ఎవరు? లిబరల్ పార్టీయే! ప్రధాని ఎవరు? గ్లాడ్‌స్టనే!

నౌరోజీ కథలో అసలు చేదు ఇక్కడుంది. తలుపు తెరిచి కుర్చీ వేసినవాళ్లే, ఆయన అడిగిన దాన్ని పక్కన పెట్టేశారు. 1895లో ఆయన ఓడిపోయారు. అయినా ఇంగ్లిషువాళ్ల న్యాయబుద్ధి మీద నమ్మకం అంత త్వరగా వదులుకోలేదు. 1906లో కలకత్తా కాంగ్రెస్ అధ్యక్ష స్థానం నుంచి స్వరాజ్యమే లక్ష్యమని ప్రకటించేనాటికి ఆయన వయసు 81.

ఆయన తర్వాత గోపాలకృష్ణ గోఖలే లండన్ వెళ్లినప్పుడూ ఉత్తరాలకు ఈ క్లబ్బు చిరునామాయే వాడుకున్నారు. భారతదేశం గోడు బ్రిటిష్ నేతల చెవిన వేయడానికి ఇంతకన్నా దగ్గరి చోటు మరొకటి లేదు. పార్లమెంటు ఇక్కడికి నడకదూరమే.

ఇంటిపోరు

1906లో దాదాపు 400 స్థానాలు గెలిచిన లిబరల్ పార్టీకి ఇక తిరుగులేదనిపించింది. పదేళ్లు తిరిగేసరికి ఇంటిపోరు మొదలైంది. యుద్ధం మధ్యలో, 1916 డిసెంబరులో, ఆస్క్విత్ దిగిపోయి లాయిడ్ జార్జ్ ప్రధాని అయ్యారు. పార్టీ నిలువునా చీలింది. క్లబ్బులో ఎక్కువమంది ఆస్క్విత్ పక్షం. నిన్నటిదాకా ఒకే బల్ల దగ్గర భోంచేసినవాళ్లు ఎడమొహం పెడమొహమయ్యారు.

చర్చిల్ చిత్రపటం కథ ఇంకా తమాషా. కన్సర్వేటివ్‌లను వదిలి 1904లో లిబరల్ పార్టీలో చేరిన చర్చిల్ ఈ క్లబ్బు సభ్యుడే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయన నిలువెత్తు చిత్రం గీయించారు. ఆలోగా డార్డనెల్స్ దాడి విఫలమై ఆయన పరపతి దెబ్బతింది. తర్వాత మళ్లీ పాతగూటికే చేరిపోయాడు. ఇంకేం, చిత్రం మూలనపడింది. 1941 మేలో జర్మన్ బాంబు పడి క్లబ్బు మెట్ల వరస కూలినప్పుడు ఆ చిత్రమూ దెబ్బతింది. అప్పటికి చర్చిల్ దేశాన్ని నడిపిస్తున్న ప్రధాని! చినిగిన బొమ్మను బాగుచేయించి 1943లో ఆవిష్కరించారు. రాజకీయాల్లో పటం గోడెక్కడానికీ దిగడానికీ గుణగణాలతో పనిలేదు, కాలం కలిసిరావాలంతే.

కూలిన మెట్లను యుద్ధం తర్వాత మళ్లీ కట్టారు. పార్టీని కట్టడం మాత్రం ఎవరివల్లా కాలేదు. 1951 ఎన్నికల్లో లిబరల్ పార్టీకి వచ్చిన స్థానాలు ఆరు. పడకగదులున్న పైఅంతస్తులు 1980ల్లో పక్కనున్న రాయల్ హార్స్‌గార్డ్స్ హోటల్‌కు వెళ్లిపోయాయి. అంతకుముందే, 1970ల్లో, గ్రంథాలయంలోని అరుదైన పుస్తకాలు, ఎన్నికల కరపత్రాలు బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి అమ్ముడయ్యాయి. ఉమ్మడికుటుంబం విడిపోయాక పెద్దింట్లో సగం వాటాలు అద్దెకిచ్చుకున్నట్టయింది క్లబ్బు పరిస్థితి.

ఆడవాళ్లకు 94 ఏళ్లు

మరో తలుపు సంగతి చెప్పుకోకపోతే కథ పూర్తికాదు. సముద్రాలు దాటివచ్చిన భారతీయుడికి మూడు నాలుగేళ్లలోనే తెరుచుకున్న తలుపు, సభ్యుల ఇంట్లోని ఆడవాళ్లకు పూర్తిగా తెరుచుకోడానికి 94 ఏళ్లు పట్టింది! మహిళల ఓటుహక్కు కోసం ఇంగ్లండు వీధుల్లో పోరాటం జరుగుతున్నప్పుడు అధికారంలో ఉన్నది లిబరల్ ప్రభుత్వమే. ఆస్క్విత్ ఆ హక్కును గట్టిగా అడ్డుకున్నారు. 1918లో కొందరికి, 1928లో మగవాళ్లతో సమానంగా అందరికీ ఓటు వచ్చింది. క్లబ్బు సభ్యత్వం మాత్రం 1976లో వచ్చింది.

అయినా మిగతా క్లబ్బులతో పోలిస్తే ఇదే ముందు. రిఫార్మ్ క్లబ్ 1981లో దారికొచ్చింది. కార్ల్‌టన్‌ది మరీ విచిత్రం. 1975లో మార్గరెట్ థాచర్ కన్సర్వేటివ్ పార్టీ నాయకురాలయ్యారు. పార్టీ నాయకులకు కార్ల్‌టన్ సభ్యత్వం ఆనవాయితీ. కానీ ఆడవాళ్లకు ప్రవేశం లేదు! చివరికి ఆవిడకొక్కరికి గౌరవ సభ్యత్వం ఇచ్చి గండం గట్టెక్కారు. మిగతా మహిళలకు పూర్తి సభ్యత్వం 2008లో గానీ దక్కలేదు. నటులు, న్యాయవాదులు ఎక్కువగా ఉండే గ్యారిక్ క్లబ్ 2024 మేలో ఒప్పుకుంది. చాక్లెట్ దుకాణంగా మొదలైన వైట్స్ మాత్రం ఇప్పటికీ మగవాళ్లదే.

ఇప్పుడు వెళ్తే...

నేషనల్ లిబరల్ క్లబ్ ఇప్పటికీ నడుస్తోంది. 1988లో లిబరల్ పార్టీ సోషల్ డెమోక్రాట్లతో కలిసి లిబరల్ డెమోక్రాట్స్‌గా మారినా క్లబ్బు పేరు మారలేదు. భోజనశాలలో పలకలు అంటించిన స్తంభాలు అలాగే మెరుస్తున్నాయి. సభ్యులకూ, వాళ్లు వెంటబెట్టుకొచ్చిన అతిథులకూ మాత్రమే లోపలికి ప్రవేశం. లండన్‌లో ఉన్న మన పిల్లలకెవరికైనా సభ్యుల పరిచయముంటే చూసే భాగ్యం దక్కుతుంది. లేకపోయినా పర్లేదు, వైట్‌హాల్ ప్లేస్ వీధిలో నిలబడి భవనాన్ని తలెత్తి చూడటానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు.

చూశాక ఒక్కసారి వెనక తోటలోకి రండి. అక్కడ మూడు విగ్రహాలున్నాయి. ఒకటి బైబిల్‌ను ఇంగ్లిషులోకి తెచ్చిన విలియం టిండేల్‌ది. మిగతా రెండూ మన దేశంతో సంబంధం ఉన్నవే. బొంబాయి గవర్నరుగా చేసిన బార్ట్‌ల్ ఫ్రేర్, 1857 తిరుగుబాటులో లక్నోలో పోరాడిన జనరల్ ఔట్రాం. సామ్రాజ్యాన్ని కాపాడినందుకు రాజధాని వాళ్లకిచ్చిన గౌరవం అది.

ఆ సామ్రాజ్యం మనకు చేసిన నష్టం లెక్కగట్టిన మాస్టారు వాళ్లకు ఎగువన, ఆ కిటికీల వెనక కూర్చుని భోంచేసేవారు. ఆయన వచ్చిన గుమ్మం ఇప్పటికీ అక్కడే ఉంది.